పోల్ బుక్కులో ఖాళీ గడి

ఇరవై ఆరేళ్ళు దోహాలో చరిత్ర చెప్పాను. మన చరిత్రా కాదు, ఖతర్ చరిత్రా కాదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఎన్నికలు ఎలా జరిగేవి, ఎవడికి ఓటుండేది, ఎవడికి ఉండేది కాదు, పార్లమెంటులో సంస్కరణ బిల్లు ఎన్నిసార్లు బోల్తా పడి ఎలా గట్టెక్కింది, ఇదీ నేను చెప్పిన చరిత్ర. విన్నది గుంటూరు, జగిత్యాల, కొట్టాయం, లాహోరు పిల్లలు. బయట నలభై ఆరు డిగ్రీల ఎండ. లోపల నేను ఇంగ్లండు వానలో గొడుగులు పట్టుకుని ఓటెయ్యడానికి నడిచిన జనం గురించి గొంతు చించుకునేవాణ్ణి. ఇదెక్కడి ఖర్మరా నాయనా అని నాకే అనిపించిన రోజులు చాలా ఉన్నాయి.

రిటైరయి రెండేళ్ళయింది. ఇప్పుడు మా అమ్మాయి వీసా మీద దోహాలోనే, ఉమ్ ఘువైలినాలో ఉంటున్నాను. అయినా ఫోన్లు ఆగవు. "సార్, గల్ఫ్ స్కూల్లో హిస్టరీ పోస్టు వచ్చింది, ఏం చదువుకుని వెళ్ళమంటారు?" అని పిల్ల మాష్టర్లు అడుగుతారు. లెసన్ ప్లాను ఎలా రాయాలో, ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు ఏ ఫైలు చూపించాలో నన్నడక్కండి. అవి చెప్పడానికి మీ స్టాఫ్ రూములో పదిమంది కాచుకుని కూర్చుంటారు. నేను చేసిన ఒక తప్పు చెప్తాను. అదొక్కటీ మీరు చెయ్యకుండా ఉంటే చాలు.

ఇది పరీక్షకు వస్తుందా సార్?

ముందు మీరు ఎదుర్కోబోయే ప్రశ్న ఇది. "ఓల్డ్ సారమ్ అనే చోట మనుషులే లేరు, గడ్డి మొలిచిన దిబ్బ ఉంది, ఆ దిబ్బకి ఇద్దరు ఎంపీలు" అని నేను కళ్ళు పెద్దవి చేసుకుని చెప్తాను. పిల్లలు ఆశ్చర్యపోవాలి కదా? పోరు. "సార్, ఇది పరీక్షకు వస్తుందా?" డనిచ్ అనే ఊరు చాలావరకు సముద్రంలో పడిపోయినా దానికీ ఇద్దరు ఎంపీలున్నారు, మాంచెస్టర్‌లో అంత జనముండి ఒక్కడూ లేడు అంటాను. "సార్, ఎన్ని మార్కులకు వస్తుంది?" ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు డస్టరు కిటికీలోంచి బయటికి విసిరేశాను. అది కింద ప్రిన్సిపల్ మేడమ్ కారు మీద పడింది. ఆ కథ వేరు.

పిల్లల్నని ఏం లాభం? ఎన్నిక అనేది వాళ్ళు టీవీలో చూసిందే తప్ప కంటితో చూసింది కాదు. వాళ్ళ నాన్నలు పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉన్నారు. ఊళ్ళో ఓటెయ్యాలంటే సెలవు పెట్టి విమానమెక్కాలి, ఎవడెక్కుతాడు? ఓటు గురించి ఏమీ తెలియని ఇళ్ళల్లోంచి వచ్చిన పిల్లలకు, రెండు వందల ఏళ్ళ కిందటి పరాయి దేశపు ఓటు గురించి చెప్పాలి. సిలబస్ తయారు చేసినవాడు ఒక్క రోజు నా క్లాసులో కూర్చుని ఉంటే తెలిసేది వాడికి.

నిజానికి నా పాఠం ముందుగా అర్థమైంది మా స్కూలు బస్సు డ్రైవరు ఓబులేసుకి. రాయచోటి మనిషి. నాకు కారు లేదు, తోలడం రాదు, బస్సులో ముందు సీటు నాది. ఒకరోజు అతనికి చెప్పాను, కొన్ని ఊళ్ళల్లో ఎవడైతే తన పొయ్యి మీద తన కుండ ఉడికించుకుంటాడో వాడికి ఓటుండేదని. ఆ రుజువు కోసం కొందరు వీధిలో అందరికీ కనబడేలా కూర్చుని భోంచేసేవారట అని కూడా చెప్పాను. ఓబులేసు స్టీరింగు మీద చెయ్యి కొట్టాడు.

"అట్లయితే మా రూము సంగతేంది సారూ? ఉమ్ సలాల్‌లో ఎనిమిది మందిమి ఉండాము. స్టవ్వు ఒగటే. వారానికి ఒగడు వండుతాడు. ఓటు వండినోనికా, తిన్నోనికా?"

"నువ్వే చెప్పు."

"వండినోనికే సారూ. తినేది ఎవుడైనా తింటాడు. అయితే మావోళ్ళు శుక్రవారం వంట కోసం కొట్లాడి సస్తారు."

ఇరవై ఆరేళ్ళలో మా ఎ-లెవెల్, అంటే ప్లస్ టూ, పిల్లల్లో ఒక్కరూ నాకు ఇంత మంచి జవాబు రాయలేదు. ఆ రోజే నాకో దుర్బుద్ధి పుట్టింది. పుస్తకంలో చెప్తే వీళ్ళకెక్కదు, ఆడించి చూపిద్దాం అనుకున్నాను.

డిస్‌ప్లే మేడమ్

ఇక్కడ మా ప్రిన్సిపల్ గురించి ఒక మాట చెప్పక తప్పదు. మంచి మనిషే. కాని ఆవిడ దృష్టిలో చదువంటే గోడ. గోడ మీద ఏం అంటించారన్నదే చదువు. సైన్సువాళ్ళు గుండె బొమ్మ అంటించారు, లెక్కలవాళ్ళు రంగు కాయితాల త్రికోణాలు అంటించారు. "సార్, హిస్టరీ గోడ ఖాళీగా ఉంది. పేరెంట్స్ మీటింగ్ వస్తోంది, డిస్‌ప్లే ఏదీ?" రోజుకు రెండుసార్లు ఇదే గోల. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే స్టాఫ్ రూములో బీరువా వెనక్కి జరిగేవాణ్ణి. నా వయసుకి అదొక పని!

అందుకని ఒకే దెబ్బకి రెండూ అయిపోతాయనుకున్నాను. క్లాసులో పాత పద్ధతిలో ఎన్నిక పెడతాను, దాని పోల్ బుక్కుని పెద్ద చార్టు మీద రాయించి గోడకు అంటిస్తాను. పిల్లలకు పాఠం, మేడమ్‌కు గోడ.

పోల్ బుక్కంటే తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఆ రోజుల్లో రహస్య ఓటు లేదు. ఓటరు అందరి ముందూ నిలబడాలి, తన పేరు చెప్పాలి, ఎవరికి వేస్తున్నాడో పైకి చెప్పాలి. గుమాస్తా రాసుకుంటాడు. పక్కనే తన భూస్వామి మనిషి నిలబడి వింటుంటాడు. ఎన్నిక అయ్యాక ఆ పుస్తకాన్ని అచ్చు వేసి అమ్మేవారు. ఏ కౌలుదారు ఎవరికి వేశాడో దొరగారు తీరిగ్గా కుర్చీలో కూర్చుని చదువుకోవచ్చు. పార్లమెంటు సంస్కరణ అయ్యాక కూడా ఈ పద్ధతి నలభై ఏళ్ళు సాగింది. "నిజాయితీపరుడికి దాపరికమెందుకు? ఓటు నలుగురి ముందూ వెయ్యాలి" అని వాదించిన పెద్దమనుషులు అప్పుడు చాలామంది ఉన్నారు. నాకూ ఆ వాదన ఇష్టంగానే ఉండేది. మాట మీద నిలబడడం అంటే అదీ అని క్లాసులో గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే మూయాలనిపిస్తుంది.

రెండు ఓట్లు, ఒక పేరు

ఆ ఏడాది నా క్లాసులో పద్దెనిమిది మంది. అప్పట్లో చాలా నియోజకవర్గాలకు ఇద్దరు ఎంపీలుండేవారు కాబట్టి ఓటరుకు రెండు ఓట్లు. నేనూ అలాగే పెట్టాను. మూడు పేర్లు నిలబడ్డాయి. కార్తీక్, షెరిన్, అనూప్. కార్తీక్ సంస్కరణ వద్దనే టోరీ పక్షం. నేనిచ్చిన పాత్రే అది. వాడు అదరగొట్టాడు. "ఆస్తి లేనివాడికి దేశంతో ఏం పని? రేపు పోయేవాడికి ఓటెందుకు?" అని బల్ల గుద్ది మాట్లాడితే క్లాసంతా కేకలు.

కార్తీక్ వాళ్ళ నాన్న ప్రభాకర్ గారు. కాకినాడ మనిషి, రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీకి ప్రాజెక్ట్ మేనేజరు. అదే కంపెనీలో, ఆయన కిందే, స్టోర్ చూసుకునే యూసుఫ్ భాయ్ కూతురు నాజియా కూడా నా క్లాసే. జగిత్యాల కుటుంబం, ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు. లా చదవాలని ఆ అమ్మాయి పట్టుదల. ఆ చదువుకు నా సబ్జెక్టులో మంచి గ్రేడు కావాలి. మా బోర్డు పరీక్షలో పుస్తకం బట్టీ కొడితే గ్రేడు రాదు, సొంత వాదన ఉండాలి. అది ఈ పిల్ల దగ్గర దండిగా ఉండేది. నేను ఒకటంటే తను రెండు అనేది. నన్ను విసిగించి చంపేది. నాకు చాలా ఇష్టమైన విద్యార్థిని.

ఓటింగు రోజు అందరికంటే ముందు నాజియా దెబ్బలాటకు దిగింది. "సార్, అప్పట్ల ఆడోళ్ళకు ఓటే లేదు కద? మమ్మల్ని ఎట్ల పిలుస్తున్నరు?"

"నేనిస్తున్నాను. సంతోషించి వెయ్యి," అన్నాను.

ఒక్కొక్కరే బల్ల దగ్గరికొచ్చి రెండేసి పేర్లు చెప్పారు. ఓటరు పేరు చెప్పినప్పుడల్లా కార్తీక్ పాతకాలం అభ్యర్థిలా వంగి దండం పెట్టాడు. ఇక్కడ ఒక విషయం నేను గమనించలేదు, మీరు గమనించండి. ప్రతివాడూ ఒక ఓటు తన ఇష్టమొచ్చినవాడికి వేసి, రెండోది కార్తీక్‌కు వేశాడు. సంస్కరణ కావాలని అరిచినవాడు కూడా! క్లాసులో సగం మంది నాన్నలు ఆ కంపెనీలోనో, దాని మీద బతికే చిన్న కంపెనీల్లోనో ఉన్నారు. పిల్లలకు ఎవరూ ఏమీ చెప్పలేదు. వాళ్ళకు తెలుసు. పాతికేళ్ళు పాఠం చెప్పిన మాష్టరుకు తెలియలేదు.

నాజియా వంతు వచ్చింది. "షెరిన్," అంది.

"రెండోది?"

"రెండోది వెయ్యను సార్. ఆస్తి లేనోనికి ఓటొద్దన్నోనికి నేనెందుకు వేస్తా?"

క్లాసంతా గోల. నేనేం చేశానో తెలుసా? ఎగిరి గంతేశాను. రెండు ఓట్లుండి ఒకటే వెయ్యడాన్ని అప్పట్లో ప్లంపింగ్ అనేవారు. పుస్తకంలో ఎన్నిసార్లు చెప్పినా ఎవడికీ ఎక్కని పాయింటు, ఈ పిల్ల కళ్ళ ముందు చేసి చూపించింది. ఆ ఉత్సాహంలో చార్టు మీద ఆమె పేరు కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీశాను. పక్కన రెండో గడి ఖాళీ. మూర్ఖుడు చెయ్యాల్సిన పని మొత్తం ఒక్కడినే చేశాను.

చార్టు గోడకెక్కింది. కార్తీక్, షెరిన్ గెలిచారు. మేడమ్ వచ్చి, "ఇదీ డిస్‌ప్లే అంటే!" అని నా భుజం తట్టారు.

ఒక్క పేరే కద సార్

పేరెంట్స్ మీటింగ్ అయిన మర్నాడు యూసుఫ్ భాయ్ వచ్చాడు. నైట్ డ్యూటీ దిగి అట్లాగే కంపెనీ బస్సులో వచ్చినట్టున్నాడు, చొక్కా మీద ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సార్, నిన్న గోడ మీద కాయితం చూసిన. మా నాజియా ముంగట ఒక్కటే పేరుంది. రెండోది ఖాళీ."

"ఆమె వెయ్యలేదు యూసుఫ్ భాయ్. చాలా బాగా చేసింది."

"వెయ్యలేదని తెలిసే వచ్చిన సార్. గా ఖాళీల కార్తీక్ బాబు పేరు రాయున్రి. ఒక్క పేరే కద. ఎవ్వరికేం నష్టం?"

నేను నవ్వాను. నిజంగా నవ్వాను. "అది ఆట. ఎవరు పట్టించుకుంటారు?"

"మా సాబ్ నిలబడి ఫోన్ల ఫొటో తీసుకున్నడు సార్. నేను ఎనక నిలబడి చూసిన. గండ్లనే మీరు ఎర్ర గీత గీసిన్రు. నన్ను ఈడ ఉండనిచ్చే అకామా, నా పిల్లల చదువు, అంతా ఆయన సంతకం మీద ఉంది. ఈ నెల ఎవల్ని ఉంచాలె, ఎవల్ని పంపాలె అని లిస్టు తయారైతున్నది. నేను మిమ్మల్ని ఏమడుగుతున్న? బచ్చీ హై సార్, తెల్వక చేసింది. జర రాయున్రి."

అప్పుడైనా నాకు బుద్ధి రావాలి కదా? రాలేదు. పోల్ ముగిశాక పుస్తకం దిద్దడమంటే చరిత్రను దిద్దడమే అన్నాను. మీ అమ్మాయి ధైర్యానికి మీరు గర్వపడాలి అన్నాను. కౌలుదార్లు భయపడకుండా వేసినప్పుడే దేశం మారింది అని కూడా అన్నట్టు గుర్తు. ఆయన చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని అంతా విన్నాడు. "మీకు ఆట సార్," అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. వెనక్కి పిలవలేదు నేను. చార్టు గోడ మీద అలాగే ఉండిపోయింది.

ఆ నెలాఖరుకి లిస్టు వచ్చింది. అందులో యూసుఫ్ భాయ్ పేరుంది. ఆయన వీసా పోతే పెళ్ళాం పిల్లల వీసాలూ పోతాయి. పరీక్షలకు ఇంకా మూడు నెలలు. నాజియా నా బల్ల దగ్గరికొచ్చి, "సార్, టీసీ కాయితం మీద మీ సంతకం కావాలంట," అంది. ఏడుపేమీ లేదు. కాయితం నా ముందు పెట్టి, పెన్ను కూడా తనే ఇచ్చింది. సంతకం చెయ్యకుండా కాయితం సొరుగులో పడేసి, ఆ సాయంత్రం ప్రభాకర్ గారింటికి వెళ్ళాను.

మీ చార్టు చేసిన పని

ఆయన నన్ను మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించారు. నేను వచ్చిన పని చెప్పేసరికి ముఖం మారిపోయింది.

"ఏం మాష్టారూ, నేను ఒక పిల్ల క్లాసులో ఓటెయ్యలేదని వాళ్ళ నాన్న ఉద్యోగం తీయించానంటారా? ఎవరనుకుంటున్నారండీ నన్ను?"

"నేననడం లేదు. కాని మీరు ఫొటో తీశారని..."

"మావాడి పేరు పైనుందని తీసి మా ఆవిడకి పంపాను. మిగతా పేర్లు నేనెక్కడ చదివానండీ? లిస్టు హెడ్డాఫీసులో తయారైంది. పని అయిపోయింది, మనుషుల్ని తగ్గిస్తున్నారు. రేపు నన్నూ తగ్గిస్తారు."

నేను ఆయన మాట నమ్మానా? ఇప్పటికీ తెలియదు. నమ్మాలనే ఉంది. కాని ఆ లిస్టులోకి పేర్లు ఆయన పంపకుండా ఎలా వెళ్తాయని ఇంకో ఆలోచన. అడుగుదామని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"పరీక్షలయ్యేదాకా ఆయన్ని ఉంచండి," అన్నాను. "మూడు నెలలు."

ఆయన లేచి అటూ ఇటూ తిరిగారు. "ఉంచితే ఏమనుకుంటారు? పాపం, తప్పు చేసి దిద్దుకున్నాడంటారు. ఉంచకపోతే కక్ష తీర్చుకున్నాడంటారు. రేపు నేను ఏది చేసినా జనం ఆ కాయితం చూసే మాట్లాడతారు. అసలు ఎవడు అంటించమన్నాడండీ మిమ్మల్ని? పిల్లలకు పాఠం చెప్పమంటే మా బతుకుల్ని గోడకెక్కిస్తారా?"

రహస్య ఓటు ఓటరును కాపాడుతుందని సిలబస్‌లో ఉన్న ముక్క ఇరవై ఏళ్ళు చెప్పాను. దొరను కూడా అది అనుమానం నుంచి కాపాడుతుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆయన డ్రాయింగు రూములో కూర్చుని నేర్చుకున్నాను. ఆయన నిర్దోషి అయినా ఆ మాట రుజువు చేసుకునే దారి లేకుండా చేశాను నేను.

చివరికి విసుగ్గా ఒప్పుకున్నారు. స్టోరు అప్పగింతలు ఉన్నాయి, వాటికి ఎవరో ఒకరు కావాలి, ఆ పనికి యూసుఫ్‌ని జూన్ దాకా ఉంచమని హెడ్డాఫీసును అడుగుతాను అన్నారు. "కాని ఒకటి. దీనికీ మీ చార్టుకీ సంబంధం లేదని యూసుఫ్‌కి మీరే చెప్పండి."

చెప్పాను. యూసుఫ్ భాయ్ తల ఊపాడు. ఒక్క ముక్క నమ్మలేదు.

ఆ సంగతి నాకు కార్తీక్ చెప్పాడు. వాడు స్టాఫ్ రూము బయట నిలబడి, ముఖం ఎర్రగా పెట్టుకుని, "సార్, నాజియా వాళ్ళ నాన్నతో శుక్రవారం మా ఇంటికొచ్చింది. స్వీట్లు తెచ్చారు. నాకు సారీ చెప్పింది సార్. నేను టోరీ వేషం వేశానంతే కదా, నాకెందుకు సారీ?" అన్నాడు. ప్రభాకర్ గారు స్వీట్లు తీసుకోను పొమ్మన్నారట. తీసుకోలేదంటే ఇంకా కోపంగా ఉన్నారని యూసుఫ్ భాయ్ మరింత భయపడ్డాడట. ప్రభాకర్ గారికి చివరికి ఒక లడ్డూ తినక తప్పలేదట.

గోడకు తల కొట్టుకుందామా అనిపించింది. అది ఏ గోడో మీకు చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రమే చార్టు పీకి నాలుగు ముక్కలు చేశాను. మేడమ్ వచ్చి, "గోడ ఖాళీ అయిందే సార్?" అన్నారు. ఆవిడ మీద అరిచాను. ఉద్యోగంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఆవిడ తప్పేముంది పాపం, ఎర్ర గీత గీసింది ఆవిడ కాదు.

టెక్స్ట్ బుక్కులో ఉన్నదే సార్

నాజియా క్లాసుకు వస్తూనే ఉంది. నోరు మాత్రం పడిపోయింది. నేనేమడిగినా, "టెక్స్ట్ బుక్కులో ఉన్నదే సార్" అనేది. ఇంగ్లండు మంత్రివర్గం బిల్లు ఎందుకు తెచ్చింది, భయం వల్లనా, న్యాయం కోసమా అని చర్చ పెడితే, మామూలుగా ఈ పిల్ల నా ప్రాణం తోడెయ్యాలి. "రెండూ అని రాసుంది సార్," అని పుస్తకం మూసేసింది. మాక్ పరీక్షలో ఆమె రాసిన పేపరు చదివాను. అన్నీ సరైన మాటలే, ఒక్కటీ ఆమెది కాదు. ఇలా రాస్తే ఆ గ్రేడు రాదు. గ్రేడు రాకపోతే లా సీటు రాదు. జూన్ తర్వాత ఆ కుటుంబం ఎక్కడుంటుందో, ఇంకోసారి పరీక్ష రాసే వీలుంటుందో లేదో ఎవరికీ తెలియదు. ఉన్నది ఈ ఒక్క అవకాశం.

ఆమెను పిలిచి చెప్పాను. తప్పు నాది, మీ నాన్నగారిదీ కాదు, నీదీ కాదు. నువ్వు చేసింది సరైనదే, దాన్ని గోడకు అంటించింది నేను.

"పర్వాలేదు సార్," అంది. పెద్దవాళ్ళు మనతో మాట్లాడడం ఇష్టం లేనప్పుడు అనే పర్వాలేదు అది.

"పరీక్షలో నీ మాట నువ్వు రాయాలి. లేకపోతే..."

"రాస్తే మళ్ళ ఎవలింటికి పోవాల్నో," అంది. అని, తనే తప్పు మాట అన్నట్టు పెదవి కొరుక్కుని, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు. పదిహేడేళ్ళ పిల్లకు నేను నేర్పిన పాఠం అది. మిగతావన్నీ పుస్తకం నేర్పినవే.

హాలు బయట

పరీక్ష రోజు పొద్దున ఎనిమిదికే ఎండ మొహాన కొడుతోంది. మాష్టర్లం లోపలికి వెళ్ళకూడదు. నేను వరండాలో కరక్ చాయ్ కప్పు పట్టుకుని రెండు గంటలు నిలబడ్డాను. పేపరు బయటికి వచ్చాక మొదట చూసింది మూడో ప్రశ్న. బహిరంగంగా ఓటు వేసే పద్ధతి స్వతంత్ర ఓటరుకు గౌరవమా, శిక్షా, చర్చించండి. ఈ ప్రశ్నకు ఈ పిల్ల పుస్తకంలో రెండు పేరాలు రాసి లేచి వచ్చేసి ఉంటుందనుకున్నాను.

అందరూ బయటికి వస్తున్నారు. కార్తీక్ వచ్చాడు, షెరిన్ వచ్చింది. నాజియా చివరికి వచ్చింది. కుడిచేతి వేళ్ళకి ఇంకు మరకలు. నన్ను చూసి ఆగింది.

"మూడోది రాశావా?"

"అదే ముందు రాసిన సార్. ఎక్స్‌ట్రా షీట్లు తీసుకున్న."

నాకు నమ్మబుద్ధి కాలేదు. "పుస్తకంలో అంత లేదు కదా?"

"పుస్తకంలది కాదు సార్." వేళ్ళ మీది ఇంకు తుడుచుకుంది. "లోపలికి పోయినంక చూసిన. పేపర్ మీద పేరు రాసే జాగ లేదు. నంబరొక్కటే. దిద్దేటాయనకు నేనెవరో తెల్వదు, మా నాయిన ఎవరో తెల్వదు. ఇగ రాసుకుంట పోయిన."

ఇరవై ఆరేళ్ళు ఆ హాల్ టికెట్లు పంచినవాణ్ణి నేనే. ఆ నంబరుకు అర్థం అదని నాకెప్పుడూ తట్టలేదు.

పాతబుద్ధి ఊరుకోదు కదా. ఆత్రం ఆపుకోలేక అడిగాను. "ఏ వైపు వాదించావు? గౌరవమన్నావా, శిక్షన్నావా?"

చాలా రోజుల తర్వాత నా కళ్ళలోకి సూటిగా చూసింది ఆ పిల్ల. కోపం లేదు. నవ్వు వస్తోంది కాని ఆపుకుంటోంది.

"అది మీకు చెప్పను సార్," అంది.

కింద ఓబులేసు బస్సు హారన్ కొడుతున్నాడు. నాజియా మెట్లు దిగి వెళ్ళి ఎక్కింది. నేను మళ్ళీ అడగలేదు.